కూర్చుండి చేయు పనికి వ్యాయామము విరుగుడా?

"కూర్చుండి తినిన కొండలైనను తరుగును" అను సామెత ధనమును గూర్చి పుట్టినది. శరీరము విషయమున ఫలితము తలక్రిందులుగా నుండును. కూర్చుండి తినువాని కొండ తరుగుట యటుంచి, పొట్ట పెరుగును. నేడు కచేరీలలోను, బ్యాంకులలోను, కంప్యూటరు ముందరను పనిచేయువారు దినమునకు ఎనిమిది తొమ్మిది గంటలు కుర్చీ విడువకుండ గడుపుచున్నారు. ఇట్టివారికి పత్రికలలోను, చేతిఫోనులలోను రెండు విధములైన సలహాలు నిత్యము వినవచ్చుచున్నవి.

మొదటిది: ఎంతసేపు కూర్చున్నను ఫరవాలేదు, ఉదయము ఒక గంట వ్యాయామము చేసినచో ఆ బాకీ తీరిపోవును. రెండవది: కూర్చుండుట పొగత్రాగుటతో సమానము, ఎంత వ్యాయామము చేసినను ఆ కీడు పోదు. ఈ రెండును ఒకదానితో నొకటి పొసగవు. అయినను రెండును శాస్త్రము పేరుతోనే ప్రచారమగుచున్నవి. వీనిలో ఏది నిజమని విద్యార్థి అడిగినచో ఉపాధ్యాయుడు ఏమి చెప్పవలెను? ఎవరు చెప్పిరో చూచుట కాక, ఏ సాక్ష్యముపై చెప్పిరో చూచుట శాస్త్రపద్ధతి. ఆ సాక్ష్యమును, దానిలోని లోపములతో సహా, పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ప్రశ్న పాతదే

ఇది కంప్యూటర్లతో పుట్టిన ప్రశ్న కాదు. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జిని 1700లో వివిధ వృత్తులవారికి కలుగు వ్యాధులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. గనులలో పనిచేయువారు, కుమ్మరులు మొదలగువారితో పాటు, దర్జీలవలె కూర్చుండి పనిచేయువారిని గూర్చియు అందు వ్రాసెను. సెలవు దినములలోనైన వారు వ్యాయామము చేసి, పెక్కు దినములు కూర్చుండుటవలన కలిగిన కీడును కొంతవరకు తీర్చుకొనవలెనని ఆయన సలహా. "కొంతవరకు" అనుట గమనింపదగినది. పూర్తిగా తీరునని ఆయన చెప్పలేదు. అయితే ఆయనకున్న ఆధారము రోగులను చూచిన అనుభవము మాత్రమే. కొలతలు లేవు, ఒక వర్గమును మరియొక వర్గముతో పోల్చి లెక్కించుట లేదు. అట్టి లెక్క రెండువందల యేబది సంవత్సరముల తరువాత లండను నగరపు బస్సుల నుండి వచ్చినది.

బస్సు చెప్పిన సాక్ష్యము

జెరెమీ మోరిస్ అను వైద్యుడును ఆయన సహచరులును తమ పరిశీలనను 1953లో "లాన్సెట్" అను వైద్యపత్రికలో ప్రకటించిరి. లండను రవాణా సంస్థలో పనిచేయుచున్న, 35 మొదలు 64 సంవత్సరముల వయసుగల సుమారు 31,000 మంది పురుషుల వివరములను వారు సేకరించిరి. రెండంతస్తుల బస్సులో డ్రైవరు తన పనివేళలో నూటికి తొంబది పాళ్లు కూర్చుండియే యుండును. కండక్టరు టిక్కెట్ల కొరకు దినమునకు 500 నుండి 750 మెట్లు ఎక్కి దిగుచుండును. ఇద్దరిదియు ఒకే సంస్థ, ఒకే బస్సు. అయినను గుండెజబ్బు ఏటికి డ్రైవర్లలో వేయికి 2.7 మందికి రాగా, కండక్టర్లలో 1.9 మందికి మాత్రమే వచ్చినది. తపాలా శాఖలో తిరిగి ఉత్తరములు పంచువారిని, కూర్చుండి పనిచేయు గుమాస్తాలతోను టెలిఫోను ఉద్యోగులతోను పోల్చి చూడగా అట్టి భేదమే కనిపించినది.

కండక్టరు మెట్ల లెక్కను తరగతిలో చేసి చూడవచ్చును. మెట్టు ఎత్తు 20 సెంటీమీటర్లనియు, మనిషి బరువు 60 కిలోగ్రాములనియు, ఎక్కిన మెట్లు 600 అనియు అనుకొందము. మొత్తము ఎత్తు 120 మీటర్లు. చేసిన పని 60 × 9.8 × 120, అనగా సుమారు 70,600 జౌళ్లు. ఇది 17 కిలోకాలరీలకు సమానము. కండరములు తాము ఖర్చుచేయు శక్తిలో నాలుగవ వంతునో, ఐదవ వంతునో మాత్రమే పనిగా మార్చగలవు. కావున మెట్లెక్కుటకు ఖర్చైన శక్తి సుమారు 70 నుండి 85 కిలోకాలరీలు. ఇది ఒకటి రెండు ఇడ్లీలలోని శక్తి! దిగుటకును, బస్సులో నడచుటకును, నిలుచుటకును అయిన ఖర్చు దీనికి అదనమే. అయినను వ్యాయామపు మేలంతయు "కొవ్వు కరగుట"లోనే యున్నదనుకొనువారు ఈ లెక్కను చూచి ఆలోచింపవలెను. గుండెను, రక్తనాళములను, కండరములను దినమంతయు మాటిమాటికి పనిలో పెట్టుటలోనే ఆ మేలు చాలభాగము ఉండవచ్చును.

పంట్లాములు చెప్పిన ఎదురు సాక్ష్యము

ఈ పరిశీలనను ఉదాహరించు వ్యాసములు పెక్కు ఇచ్చటనే ఆగిపోవును. మోరిస్ మాత్రము ఆగలేదు. బస్సు ఉద్యోగులకు సంస్థ ఇచ్చిన యూనిఫారముల కొలతలను ఆయన బృందము పరిశీలించి 1956లో ప్రకటించినది. ఒకే వయసువారిని తీసికొని చూచినను డ్రైవర్ల పంట్లాముల నడుము కొలత కండక్టర్ల దానికంటె ఎక్కువగా నుండెను. చిన్నవయసువారిలోను ఈ భేదము కలదు. అట్లయినచో డ్రైవరు కూర్చుండుటచేత లావైనాడా? లేక లావుగా నుండు స్వభావము గలవాడే డ్రైవరు పనిని ఎన్నుకొన్నాడా? తరువాత 1966లో వెలువడిన పరిశీలనలో డ్రైవర్లకు రక్తపుపోటు, రక్తములో కొలెస్టరాల్ కూడ ఎక్కువని తేలినది. రద్దీ వీథులలో బస్సు నడుపువాని మానసిక శ్రమయు లెక్కింపదగినదే. కావున 1953లో కనిపించిన భేదమునంతటిని కుర్చీమీద నెట్టుట న్యాయము కాదు.

తన వాదమునకు ఎదురు నిలుచు సాక్ష్యమును తానే వెదకి లోకమునకు చెప్పుట మంచి శాస్త్రజ్ఞుని లక్షణము. ఈ కథలో విద్యార్థులు నేర్చుకొనదగినది గుండెజబ్బు లెక్కకంటె పంట్లాముల లెక్కయే.

వృత్తి భేదము అడ్డురాకుండ మోరిస్ మరియొక మార్గము త్రొక్కెను. బ్రిటిషు ప్రభుత్వ కార్యాలయములలో కూర్చుండి పనిచేయు 16,882 మంది పురుషులను తీసికొని, శుక్ర శనివారములలో వారు తీరిక వేళలందు ఏమేమి చేసిరో వ్రాయించి, తరువాతి సంవత్సరములలో వారి ఆరోగ్యమును గమనించెను. గట్టి వ్యాయామము చేయువారిలో గుండెజబ్బు, చేయనివారిలో వచ్చినదానిలో మూడవవంతు మాత్రమే వచ్చినట్లు 1973లో ప్రకటించెను. ఇచ్చట అందరిదియు కుర్చీపనియే కాబట్టి ఈ సాక్ష్యము బస్సు సాక్ష్యముకంటె బలమైనది. ఆరోగ్యవంతుడే ఈతకు, పరుగుకు పోవునను సందేహము మాత్రము పూర్తిగా తొలగదు. మోరిస్ 2009లో, తొంబదితొమ్మిది యేండ్లు నిండిన తరువాత మరణించెను. దానిని సాక్ష్యముగా చూపుట తగదు. ఒక్క మనిషి ఆయువు ఉదాహరణమగును గాని ఋజువు కాదు.

ఆకలి త్రాసు

కూర్చున్నవాడు పని తక్కువ చేయును గనుక ఆకలియు తక్కువగా నుండును కదా, లావు ఎట్లు పెరుగునని కొందరు అడుగుదురు. దీనికి మన దేశమునుండియే ఒక సమాధానము వచ్చినది. జీన్ మేయర్, ఆయన సహచరులు పశ్చిమ బెంగాలులోని ఒక జనపనార మిల్లులో 200 మందికి పైగా పురుషుల ఆహారమును, బరువును, పనిని పరిశీలించి 1956లో ప్రకటించిరి. అందు దినమంతయు దుకాణములో కూర్చుండువారు, గుమాస్తాలు మొదలుకొని, బరువులు మోయు కూలీల వరకు అన్ని విధములవారు కలరు. ఒక మోస్తరు పని మొదలు బరువైన పని వరకు చేయువారిలో పని పెరిగిన కొలది ఆహారము పెరిగినది, బరువు పెరుగలేదు. కాని బొత్తిగా కదలనివారిలో ఆహారము తగ్గలేదు. తేలికపని చేయువారికంటె వారే ఎక్కువ తినిరి, వారే ఎక్కువ బరువు తూగిరి. శరీరము కదలినప్పుడే ఆకలి త్రాసు సరిగా తూచునని దీనినుండి ఊహింపవచ్చును. అయితే దుకాణదారునికిని కూలీకిని ఆదాయములో భేదమున్నది. ఎక్కువ తినుటకు స్తోమతు గలవాడు ఎక్కువ తినుటయు సహజమే. ఈ అభ్యంతరమును మరువరాదు.

నినాదముల బలహీనత

ఇప్పుడు మొదట చెప్పిన రెండు సలహాలను చూతము. 2016లో "లాన్సెట్" పత్రిక 16 పరిశీలనలను కలిపి చేసిన ఒక గణనను ప్రకటించినది. అందు పది లక్షలకు పైగా మనుష్యుల వివరములు కలవు. దినమునకు ఎనిమిది గంటలకు మించి కూర్చుండుచు వ్యాయామము అతి తక్కువగా చేయువారిలో మరణావకాశము, తక్కువ కూర్చుండి ఎక్కువ వ్యాయామము చేయువారికంటె నూటికి 59 వంతులు హెచ్చు. పొగత్రాగువారిలోనో, త్రాగనివారికంటె అది ఇంచుమించు మూడు రెట్లు. 59 వంతుల హెచ్చు ఎక్కడ, 200 వంతుల హెచ్చు ఎక్కడ? ఈ రెంటిని సమానమనుట లెక్క తప్పుట మాత్రమే కాదు, అపాయకరము కూడ. "నీవు కూర్చుందువు, నేను త్రాగుదును, ఇద్దరము ఒకటే" అని పొగత్రాగువాడు తృప్తిపడుటకు ఈ నినాదము వీలు కల్పించుచున్నది.

వ్యాయామము చేసినను ఫలము లేదనుటయు నిలువదు. దినమునకు 60 నుండి 75 నిమిషములు చురుకైన నడకవంటి మధ్యరకపు వ్యాయామము చేయువారిలో, ఎనిమిది గంటలకు మించి కూర్చున్నను, మరణావకాశము హెచ్చినట్లు కనిపించలేదు. అట్లని మొదటి సలహా గెలిచినదని తొందరపడరాదు. దినమునకు ఐదు గంటలకు మించి టెలివిజను చూచువారిలో ఇంత వ్యాయామమును ఆ కీడును తగ్గించినదే గాని తుడిచివేయలేదు. అదిగాక, దినమునకు గంటకు పైగా వ్యాయామము చేయువారు ఎందరు? భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో 14,227 మందిని పరిశీలించి 2014లో ప్రకటించిన దానిలో నూటికి 54.4 మంది చాలినంత కదలిక లేనివారని తేలినది. తీరిక వేళలలో వ్యాయామముగాని, ఆటగాని కలవారు నూటికి పదిమందికి లోపే.

2020లో మరియొక గణన వెలువడినది. అందు 44,000 మందికి పైగా మనుష్యులు తమ కదలికను నమోదుచేయు చిన్న పరికరములను ధరించిరి. వారిలో దినమునకు 30 నుండి 40 నిమిషముల వ్యాయామముతోనే దీర్ఘముగా కూర్చుండుటకు సంబంధించిన మరణావకాశము బాగుగా తగ్గినట్లు కనిపించినది. నాలుగు సంవత్సరములలో మనిషి శరీరము మారినదా? మారినది శరీరము కాదు, కొలబద్ద. 2016 గణనలో ఎక్కువగా మనుష్యులు తామే చెప్పిన గంటలను లెక్కించిరి. నడుమ ఆగి మాట్లాడిన సమయమును కూడ కలిపి "గంట నడచితిని" అనుట మనుష్య స్వభావము. పరికరమునకు ఆ మొగమాటము లేదు. ఏ అంకెను చూచినను, దానిని ఏ పద్ధతిచే కొలిచిరో అడుగవలెననుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము అరుదు.

దినమునకు పదివేల అడుగులను నియమమును ఇట్లే పరీక్షింపవలెను. 1965లో జపానులో ఒక సంస్థ అడుగులు లెక్కించు పరికరమును అమ్మకమునకు పెట్టి, దానికి "పదివేల అడుగుల మీటరు" అను అర్థము వచ్చు పేరుంచినది. నియమము అచ్చటినుండి వ్యాపించినది. 2019లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, సగటున 72 యేండ్ల వయసుగల 16,741 మంది స్త్రీలలో, దినమునకు 2,700 అడుగులు వేయువారికంటె 4,400 అడుగులు వేయువారిలో మరణములు నూటికి 41 వంతులు తక్కువ. సుమారు 7,500 అడుగుల తరువాత మేలు మరి పెరుగలేదు. పదివేలు వేయలేనని ఇంటిలోనే కూర్చున్న వృద్ధులకు ఈ వార్త చేరవలసి యున్నది.

కదలిక చేయు పని

కూర్చున్నప్పుడు శరీరములోని పెద్ద కండరములైన తొడ, పిరుదు, పిక్క కండరములు విశ్రాంతిగా నుండును. పనిచేయు కండరము ఇన్సులిన్ సాయము లేకయు రక్తమునుండి గ్లూకోజును లాగుకొనగలదు. పిక్క కండరము ముడుచుకొన్నప్పుడెల్ల కాలి సిరలను నొక్కి రక్తమును గుండెవైపు త్రోయును. ఈ రెండు పనులును కుర్చీలో ఆగిపోవును. 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు అధిక బరువుగల 19 మందికి తీపిపానీయమిచ్చి ఐదు గంటలు కూర్చుండబెట్టిరి. ప్రతి 20 నిమిషములకు ఒకమారు లేచి రెండు నిమిషములు నడచిన దినమున, రక్తములో గ్లూకోజు పెరుగుదల నూటికి 24 నుండి 30 వంతులు తగ్గినది. సాక్ష్యము చక్కనిదే గాని చిన్నది. పందొమ్మిదిమందిలో కొన్ని గంటలలో కనిపించిన మార్పు, ఇరువది యేండ్ల తరువాత రాగల గుండెజబ్బును తప్పించునని ఇంకను ఋజువు కాలేదు.

నిలుచుండి పనిచేయుటకు వీలైన ఎత్తు బల్లలు ఇప్పుడు అమ్మకమునకు వచ్చినవి. నిలుచుట వలన కూర్చుండుటకంటె నిమిషమునకు 0.15 కిలోకాలరీ మాత్రమే ఎక్కువ ఖర్చగునని 2018లో పెక్కు పరిశీలనలను కలిపిన గణన చెప్పుచున్నది. ఆరుగంటలు నిలుచున్నచో 54 కిలోకాలరీలు, అనగా మరల ఒక ఇడ్లీ. కదలక గంటల తరబడి నిలుచువారికి కాలిసిరలు ఉబ్బు బాధ కలుగవచ్చును. కావున కుర్చీకి విరుగుడు నిలుచుట కాదు, కదలుట.

వివేకముతో వ్యాయామము

సంవత్సరములపాటు కుర్చీలో గడిపినవాడు ఒక శుభముహూర్తమున లేచి పరుగెత్తుట వివేకము కాదు. వారమునకు ఒకమారైనను వ్యాయామము చేయనివారిలో, హఠాత్తుగా చేసిన తీవ్ర శ్రమ తరువాతి గంటలో గుండెపోటు వచ్చు అవకాశము మామూలుకంటె 107 రెట్లనియు, వారమునకు ఐదు దినములో అంతకుమించియో అలవాటుగలవారిలో 2.4 రెట్లు మాత్రమేయనియు 1993లో అమెరికాలో ఒక పరిశీలన తేల్చినది. 107 అను అంకె చూచి భయపడనక్కరలేదు. ఏ ఒక్క గంటలోనైనను గుండెపోటు వచ్చు అవకాశము మిక్కిలి స్వల్పము గనుక, దానికి నూరురెట్లును చిన్నమొత్తమే. కాని నేర్వవలసినది స్పష్టము: అలవాటే రక్ష. పది నిమిషముల నడకతో ఆరంభించి వారములమీద పెంచవలెను. నడచునప్పుడు రొమ్ములో నొప్పి, మితిమీరిన ఆయాసము కలవారును, గుండెజబ్బు ఉన్నట్లు తెలిసినవారును వైద్యుని అడిగియే మొదలుపెట్టవలెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యరకపు వ్యాయామమునో, 75 నుండి 150 నిమిషముల తీవ్ర వ్యాయామమునో, రెండు దినములైన కండరబలము పెంచు వ్యాయామమును విధించినది. కూర్చుండుట తగ్గింపుమన్నదే గాని ఇన్ని గంటలని హద్దు చెప్పలేదు, హద్దు చెప్పుటకు చాలినంత సాక్ష్యము లేదు గనుక. ప్రతిదినము వీలుపడనివారికి ఒక ఊరట కలదు. 89,573 మందిపై 2023లో ప్రకటితమైన పరిశీలనలో, వారమునకు కావలసిన వ్యాయామమును ఒకటి రెండు దినములలోనే ఎక్కువగా చేసినవారికిని గుండె విషయమున ఇంచుమించు అంతే మేలు కనిపించినది. రమజ్జిని సెలవుదినపు సలహా మూడువందల యేండ్ల తరువాత కొలతకు నిలిచినది.

బడిగంట

ఈ సాక్ష్యములన్నింటిలో ఒక సంగతి మరుగున పడిపోవుచున్నది. లండను కండక్టరు వ్యాయామము చేయలేదు, ఉద్యోగము చేసెను. అతని మెట్లు అతని పనిలోనే యుండెను. వానికి పట్టుదల అక్కరలేదు, తీరిక అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. నేటి సలహాలన్నియు పనిని కుర్చీకి కట్టివేసి, ఆ కట్టును తెల్లవారుజామున నీవే విప్పుకొనుమని గుమాస్తాకు చెప్పుచున్నవి. ఇంటిపని, బస్సు ప్రయాణము, పిల్లల చదువు కల స్త్రీకి ఆ గంట ఎచ్చటినుండి వచ్చును? వ్యాయామము విరుగుడే, సందేహము లేదు. కాని విరుగుడు త్రాగుటకంటె విషమును తగ్గించుట మేలు. గంటకొకమారు లేచి నడచుటకు వీలుగా పనిని అమర్చుట యజమానుల బాధ్యత కూడ.

ఉపాధ్యాయులు ఇది తమకు చెందని మాట అనుకొనరాదు. మన వైద్య పరిశోధన మండలి వృత్తులను శ్రమనుబట్టి విభజించినప్పుడు ఉపాధ్యాయుని దర్జీతో పాటు తేలికపనివారిలోనే చేర్చినది. అంతకంటె ముఖ్యము, పిల్లల కాలపట్టిక ఉపాధ్యాయుల చేతిలోనున్నది. 5 మొదలు 17 సంవత్సరముల వయసువారికి దినమునకు సగటున 60 నిమిషముల వ్యాయామము అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన పాఠశాలలు పెక్కింటిలో పరీక్షలు దగ్గరపడగానే మొదట బలియగునది ఆటల పీరియడు. ఆ పీరియడును లెక్కల మాస్టరుకో, సైన్సు మాస్టరుకో అప్పగింతురు. బడిలో కూర్చున్న పిల్లవాడు ట్యూషనులో కూర్చుండును, తరువాత ఇంటిలో కూర్చుండును. పదవ తరగతి ముగియునప్పటికి కూర్చుండుటయే అతనికి వచ్చిన ప్రథమ విద్య యగుచున్నది. వ్యాయామపు ప్రయోజనములను సైన్సు పాఠముగా చెప్పుటకై ఆటల పీరియడును తీసికొనుటకంటె విడ్డూరము వేరొకటి లేదు.

విద్యార్థులు చేయదగిన ప్రయోగమొకటి కలదు. దీనికి పరికరములు అక్కరలేదు. నిన్న ఎన్ని గంటలు కూర్చుంటిమో, ఎన్ని నిమిషములు చురుకుగా కదలితిమో ప్రతివారును మొదట ఊహించి వ్రాయవలెను. తరువాత ఒక దినము గడియారము చూచుకొనుచు గంటగంటకు నమోదు చేయవలెను. తరగతిలోని ఊహల సగటును, నమోదుల సగటును నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసి పోల్చవలెను. రెంటికిని భేదము కనిపించినచో, 2016 లెక్కకును 2020 లెక్కకును నడుమ ఏమి జరిగినదో పిల్లలకు చెప్పకయే తెలియును. ఆ పట్టికను ప్రధానోపాధ్యాయునికి చూపి ఆటల పీరియడును తిరిగి అడుగవచ్చును.